పండినా ఎండినా అల్లాహ్‌పైనే భరోసా

2023 జూలై నెలను కలికిరి, గుర్రంకొండ, వాల్మీకిపురం, మదనపల్లె ప్రాంతాల టమాటా రైతులు అంత తేలిగ్గా మరచిపోరు. ఎండలకూ తెగుళ్లకూ తోటలు దెబ్బతిని సరుకు కరువైన ఆ రోజుల్లో మదనపల్లె మార్కెట్‌లో మొదటి రకం కాయ ధర కిలో రెండు వందల రూపాయల అంచుకు చేరింది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇక్కడి సరుకు కొని ఢిల్లీకి తరలించి తక్కువ ధరకు అమ్మించాయి. నేపాల్ నుంచి కూడా టమాటాలు తెప్పించుకోవలసి వచ్చింది. రైతులు రాత్రిళ్లు తోటల్లోనే కాపలా పడుకున్నారు. టమాటాతో కోటీశ్వరులైన వారి గురించి పత్రికలు కథనాలు రాశాయి. ఆ కథనాలు చదివినవారు, పక్క పొలంలో డబ్బు కళ్లారా చూసినవారు ఉన్నదంతా పెట్టి టమాటా నారు నాటారు. ఆగస్టు గడిచి సెప్టెంబరు వచ్చేసరికి అదే మార్కెట్‌లో ధర కిలో పది రూపాయల దరిదాపులకు జారిపోయింది.

కాయ అదే. నేల అదే. చెమటోడ్చిన చేతులూ అవే. రెండు నెలలైనా నిండకుండానే ఒక ఇంట్లో పండుగ, మరో ఇంట్లో దిగులు. ధర బాగున్న రోజున 'అల్లాహ్ ఇచ్చాడు' అన్న నోరే, ధర పడిన రోజున 'అల్లాహ్ మమ్మల్ని ఎందుకిలా చేశాడు' అని అడిగింది. ఈ ప్రశ్న ఒక్క టమాటా రైతుదే కాదు. పట్టుగూళ్లు అమ్ముకునే పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుది. బోరు వేసి నీళ్లు పడక తల పట్టుకున్నవాడిది. కువైట్‌లో పని పోయి వట్టి చేతులతో ఇల్లు చేరినవాడిది. కొడుకు జబ్బుకు నగలు కుదువపెట్టిన తల్లిది. ఎగుడుదిగుళ్లు లేని జీవితం ఎవరికీ లేదు. అయితే ఈ ఎగుడుదిగుళ్లలో విశ్వాసి మనసు ఎక్కడ నిలబడాలి? ఇస్లాం దీనికిచ్చిన సమాధానం పేరే తవక్కుల్.

వకీలుకు వకాల్తా ఇచ్చినట్లు

'తవక్కుల్' అనే మాట మనకు కొత్తదేమీ కాదు. కోర్టు ముఖం చూసిన ప్రతి తెలుగువాడికీ వకీలు తెలుసు, వకాల్తా తెలుసు. ఈ రెండు మాటలూ, తవక్కుల్ అనే మాటా ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టినవే. అల్లాహ్ శుభనామాలలో 'అల్ వకీల్' ఒకటి. అంటే మన వ్యవహారాన్ని తన చేతుల్లోకి తీసుకుని చక్కబెట్టేవాడు అని అర్థం.

భూమి తగాదా వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? మంచి వకీలును చూసి వకాల్తా ఇస్తాం. ఇచ్చిన తర్వాత రాత్రంతా మేలుకుని వాదన మనమే చేయం. ఆయన చూసుకుంటాడని నిశ్చింతగా నిద్రపోతాం. అలాగని ఇంట్లో ముసుగు తన్ని పడుకోము కూడా. ఆయన అడిగిన కాగితాలు పట్టుకెళ్తాం, వాయిదాకు హాజరవుతాం, సాక్షిని వెంటబెట్టుకు వెళ్తాం. తవక్కుల్ కూడా ఇంతే. కాగితాలు తేవడం దాసుని పని. తీర్పు యజమాని పని. మన పని మానేసి తీర్పు కోసం ఎదురుచూడటం సోమరితనం. మన పని పూర్తిచేశాక తీర్పు కూడా మన చేతిలోనే ఉందనుకోవడం అహంకారం. తవక్కుల్ ఈ రెండింటికీ నడుమనున్న దారి.

ఒక పల్లెవాసి దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి, ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని అడిగాడు. ముందు కట్టివేయి, ఆ తర్వాత నమ్ముకో అన్నది ప్రవక్త (స) జవాబు సారాంశం. తిర్మిజీ గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు చిన్నదే గానీ, మనలో చాలామంది తర్కాలకు సమాధానం ఇందులో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో ప్రవక్త (స) పక్షుల ఉపమానం చెప్పారు. అల్లాహ్‌ను నమ్ముకోవలసిన విధంగా నమ్ముకుంటే, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులకు లభించినట్లే మీకూ ఉపాధి లభిస్తుందని దాని భావం. గమనించండి. పక్షి గూట్లో కూర్చోలేదు. తెల్లవారగానే ఎగిరింది. ఏ చెట్టు మీద గింజ ఉందో దానికి తెలియదు. తెలియకపోయినా ఎగిరింది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి చెప్పుకునే ఒక ఉదంతం మన రైతు సోదరులకు మరింత దగ్గరగా ఉంటుంది. యెమెన్ నుంచి కొందరు వెంట ఏమీ తెచ్చుకోకుండా వచ్చి, మేము అల్లాహ్‌ను నమ్ముకున్నవాళ్లం అని చెప్పుకున్నారట. ఆయన వారి మాట ఒప్పుకోలేదు. నేలలో విత్తనం వేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం మోపినవాడే నిజంగా నమ్ముకున్నవాడు అని తేల్చి చెప్పారు. ఆ లెక్కన చూస్తే తవక్కుల్ పాఠం నేర్చుకోవడానికి రైతుకున్నంత అవకాశం మరొకరికి లేదు. నారు నాటడం, కట్టెలు పాతి దారం కట్టడం, తెల్లదోమను కనిపెట్టి ఆకుముడత రాకుండా మందు కొట్టడం అతని చేతిలో ఉన్నాయి. వాన అతని చేతిలో లేదు. ఎండ లేదు. మార్కెట్ అసలే లేదు.

పనికి ముందు సలహా తీసుకోవడం కూడా ఒంటెను కట్టడంలో భాగమే. సూరా ఆలి ఇమ్రాన్‌లో అల్లాహ్ తన ప్రవక్తకు చెప్పిన వరుస చూడండి. ముందు సహచరులతో సంప్రదింపు, తర్వాత గట్టి నిర్ణయం, ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా. మనం చాలాసార్లు ఈ వరుసను తలకిందులు చేస్తాం. సంప్రదించం, ఆలోచించం. పక్కవాడికి లక్షలు వచ్చాయని విని వడ్డీకి అప్పు తెచ్చి నాటేస్తాం. పైగా దానికి తవక్కుల్ అని పేరు పెడతాం. అది తవక్కుల్ కాదు, జూదానికి తోబుట్టువు. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. నిషేధించిన మెట్టు మీద నిలబడి, ఓ అల్లాహ్, నన్ను పడనివ్వకు అని వేడుకోవడం ఏ పాటి న్యాయమో మనమే ఆలోచించుకోవాలి.

ధర పెరిగిన రోజే మొదటి పరీక్ష

కష్టం వచ్చినప్పుడే పరీక్ష అని మనం అనుకుంటాం. దివ్యఖుర్‌ఆన్ అలా చెప్పలేదు. మేలుతోనూ కీడుతోనూ మనిషిని పరీక్షిస్తామని సూరా అంబియాలో స్పష్టం చేసింది. కష్టంలో మనిషి ఎలాగూ అల్లాహ్‌ను తలుస్తాడు. సుఖంలో తలవడమే అరుదు.

సూరా ఖలమ్‌లో ఒక తోట యజమానుల గాథ ఉంది. ఆ తోట యెమెన్ దేశంలోదని, తండ్రి బ్రతికి ఉండగా పంటలో పేదలకు వాటా ఇచ్చేవాడని వ్యాఖ్యాతలు రాశారు. తండ్రి పోయాక కొడుకులు, తెల్లవారగానే పంట కోసేస్తామని ఒట్టు పెట్టుకున్నారు. 'అల్లాహ్ తలిస్తే' అనే మాట వారి నోట రాలేదు. పేదవాడెవడూ ఈ రోజు తోటలో అడుగు పెట్టకూడదని గుసగుసలాడుకుంటూ చీకటితోనే బయలుదేరారు. వారు నిద్రపోతున్న వేళలోనే అల్లాహ్ తరఫు నుంచి ఒక ఆపద ఆ తోటను చుట్టబెట్టి వెళ్లింది. పొద్దున చూస్తే తోట లేదు. మొదట దారి తప్పి వేరేచోటికి వచ్చామనుకున్నారు. తర్వాత తెలిసింది, తప్పింది దారి కాదని.

ఈ గాథలో వారి నేరం తోట పెంచడం కాదు, లాభం ఆశించడం కాదు. రేపటి పంట తమ గుప్పిట్లో ఉందనుకోవడం, అందులో పేదవాడి వాటా లేదనుకోవడం. 2023 జూలైలో ధర పెరిగిన ఇళ్లకు ఈ సూరా అద్దం వంటిది. లోడు మీద లోడు మార్కెట్‌కు వెళ్లిన ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో పాత అప్పు తీరింది? కాయ కోసిన కూలీల చేతికి పెరిగిన ధరలో కొంచెమైనా అదనంగా అందిందా? వీధిలోని వితంతువుకు ఒక పూట కూర టమాటాలు దక్కాయా? సూరా అన్ఆమ్‌లో పంట కోసిన రోజే దాని హక్కు చెల్లించమన్న ఆజ్ఞ ఉంది. కూరగాయల మీద ఉష్ర్ విధి అవుతుందా లేదా, మన దేశపు భూములకు అది ఎలా వర్తిస్తుంది అనే విషయాల్లో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. మీకు దగ్గరలోని ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోండి. అయితే పండిన ఇంటి నుంచి పేదవాడు ఖాళీ చేతులతో వెళ్లకూడదన్న విషయంలో ఎవరికీ భేదం లేదు.

దీనికి మరో వైపు చూపించే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఒక వ్యక్తి నిర్జన ప్రదేశంలో నడుస్తుండగా మేఘంలోంచి ఒక స్వరం వినిపించింది. ఫలానా వాని తోటకు నీళ్లు పెట్టమని ఆ స్వరం మేఘాన్ని ఆజ్ఞాపించింది. మేఘం పక్కకు తిరిగి రాతినేల మీద కురిసింది. ఆ నీరంతా ఒక కాలువలో చేరి ప్రవహించింది. అతను నీటి వెంట నడిచి వెళ్లి చూస్తే, ఒక రైతు పార పట్టుకుని నీళ్లను తోటలోకి మళ్లిస్తున్నాడు. పేరు అడిగితే మేఘంలో విన్న పేరే చెప్పాడు. నీవు చేసే ప్రత్యేకమైన పని ఏమిటని అడిగితే రైతు తన లెక్క చెప్పాడు. పంటలో మూడో వంతు దానం చేస్తాను, మూడో వంతు నేనూ నా కుటుంబమూ తింటాం, మూడో వంతు తిరిగి నేలకే పెడతాను అన్నాడు.

ఆ మూడు వంతుల లెక్కను మన రైతు సోదరులు గుర్తుపెట్టుకోవాలి. అందులో ఆరాధన ఉంది, సంసారం ఉంది, వ్యవసాయమూ ఉంది. వచ్చిన డబ్బంతా పెళ్లి పందిళ్లకూ కొత్త బండికీ పెట్టి, మళ్లీ నాటేటప్పుడు అప్పుకు పరుగెత్తే పద్ధతి అందులో లేదు. హజ్రత్ యూసుఫ్ (అలై) కూడా ఏడేళ్లు పండిన కాలంలోనే ఏడేళ్ల కరువుకు ధాన్యం దాచమని ఈజిప్టు ప్రజలకు దారి చూపారు. ఆయన ప్రవక్త. అల్లాహ్‌పై ఆయనకున్న భరోసా మనకు ఎక్కడుంది? అయినా కొట్లు నింపమనే చెప్పారు.

ధర పడిన రోజున

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మదీనాలో ఒకసారి ధరలు విపరీతంగా పెరిగాయి. ప్రజలు వచ్చి ధర నిర్ణయించమని దైవప్రవక్త (స)ను కోరారు. ధరలను నిర్ణయించేవాడు, బిగించేవాడు, వదిలేవాడు, ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్ మాత్రమేనని ఆయన సమాధానమిచ్చారు. ఎవరి ప్రాణం విషయంలోనూ, సొమ్ము విషయంలోనూ నాపై ఫిర్యాదు లేకుండా నా ప్రభువును కలుసుకోవాలని ఆశిస్తున్నానని కూడా అన్నారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉన్న ఈ హదీసులో రెండు విషయాలున్నాయి. ధర అల్లాహ్ చేతిలో ఉందన్నది ఒకటి. మనిషి మనిషికి అన్యాయం చేయకూడదన్నది మరొకటి. మొదటి మాట రైతుకు ఓదార్పు. రెండో మాట తూకంలో, లెక్కలో, కమీషన్‌లో చేతివాటం చూపేవారికి హెచ్చరిక. ధర అల్లాహ్ నిర్ణయమే గదా అని దళారీ చేసిన మోసాన్ని కూడా తక్దీర్ ఖాతాలో రాయకూడదు. మోసానికి అడ్డుపడటం, న్యాయమైన ధర కోసం నలుగురూ కలిసి అడగటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

సూరా హదీద్‌లో అల్లాహ్ ఒక సత్యాన్ని తెలియజేశాడు. భూమి మీద గానీ మన ప్రాణాల మీద గానీ వచ్చే ఏ ఆపద అయినా ముందే ఒక గ్రంథంలో రాసి ఉందన్నాడు. ఎందుకు తెలియజేస్తున్నాడో కూడా చెప్పాడు. చేజారినదాని కోసం కుమిలిపోకుండా, చేతికొచ్చినదానికి విర్రవీగకుండా ఉండటానికట. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసి ఉండటం గమనించదగ్గది. పెరిగినప్పుడు ఎంత ఎత్తుకు ఎగిరితే పడినప్పుడు అంత లోతుకు కూలుతాం. జూలైలో నేలమీద నిలబడినవాడే సెప్టెంబరులోనూ నేలమీద నిలబడగలిగాడు.

దుఃఖించడం తప్పు కాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నారు. కానీ తన బాధను అల్లాహ్‌కే విన్నవించుకుంటున్నానన్నారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కొడుకులకు చెప్పి, వెళ్లి వెతకమని పంపారు. కన్నీళ్లు, ఆశ, వెతుకులాట, మూడూ ఆయనలో కలిసే ఉన్నాయి.

ఇక్కడ ఒక కఠినమైన విషయం చెప్పక తప్పదు. అప్పుల బాధ తాళలేక ప్రాణాలు తీసుకుంటున్న రైతుల వార్తలు రాయలసీమలో ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. ప్రాణం మనది కాదు, అది అల్లాహ్ అమానత్. మిమ్మల్ని మీరు చంపుకోకండని సూరా నిసాలో ఆజ్ఞాపించిన వెంటనే అల్లాహ్ తాను మీ పట్ల కరుణ గలవాడినని గుర్తుచేశాడు. ఆజ్ఞ పక్కనే కరుణ ఉంది. అందువల్ల అలా పోయినవారి ఇంటికి వెళ్లి తీర్పులు చెప్పడం మన పని కాదు. ఆ భార్యాపిల్లల అన్నం గురించి, చదువు గురించి అడగటం మన పని. ఇంకా ముఖ్యమైనది, ఆ స్థితికి చేరుతున్నవాడిని ముందే గుర్తించడం. మస్జిదుకు వచ్చే మనిషి నాలుగు జుమాలు రాకపోతే, నలుగురిలో కలిసేవాడు ఒంటరిగా కూర్చుంటే, వెళ్లి తలుపు తట్టండి. 'క్యా హువా భాయ్' అని పక్కన కూర్చోండి. అవసరమైతే డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళ్లండి. జబ్బు వస్తే చికిత్స చేయించుకోమని ఆదేశించినది మన ప్రవక్తే (స). మనసుకు వచ్చిన జబ్బు కూడా జబ్బే.

అప్పు ఇచ్చినవారికి కూడా తవక్కుల్ పరీక్ష ఉంది. బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని సూరా బఖరలో ఉంది. అలా గడువు ఇచ్చినవారికి ప్రళయదినాన అల్లాహ్ తన నీడలో చోటిస్తాడని ప్రవక్త (స) శుభవార్త తెలిపారు. బాకీ ఉన్నవాడి ఇంటి ముందు నలుగురు వినేలా కేకలు వేసేవాడు, తన డబ్బు బాకీదారుడి జేబులోంచే రావాలనుకుంటున్నాడు. రజ్జాఖ్ అయిన అల్లాహ్‌ను అతను మరచిపోయాడు.

దినాలు మారుతుంటాయి

ఉహుద్ యుద్ధంలో గాయపడి, ఆప్తులను పోగొట్టుకుని, ముస్లింలు కుంగిపోయిన సమయంలో ఆలి ఇమ్రాన్ సూరా వాక్యాలు అవతరించాయి. ఈ దినాలను మానవుల మధ్య మార్చుతూ ఉంటామని అల్లాహ్ వారికి తెలిపాడు. దానికి సాక్ష్యం కోసం మనం ఎంతో దూరం పోనక్కరలేదు. కలికిరికి దగ్గరలోనే గుర్రంకొండ కోట ఉంది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడిలో అది పేరుమోసిన కోట. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నంలో నేలకొరిగాక గుర్రంకొండ నిజాం వాటాకు వచ్చింది. మరుసటి ఏడు 1800లోనే నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. రెండేళ్లైనా నిండకుండానే రెండు చేతులు మారింది. రాళ్లతో కట్టిన కోట పరిస్థితే అలా ఉంటే, కాయలతో నింపిన క్రేట్ల మాట చెప్పాలా?

కువైట్ గాథ కూడా ఇలాంటిదే. రాయచోటి, పీలేరు, కలికిరి, మదనపల్లె ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషి వెళ్లని వీధి అరుదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు దీనారు మీద పెట్టుకున్న ఆశలన్నీ ఒక్కరోజులో ఆవిరయ్యాయి. సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ప్రభుత్వం విమానాల్లో స్వదేశానికి చేర్చింది. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. 1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తి అయ్యాక మళ్లీ వెళ్లి నిలదొక్కుకున్నవారూ ఉన్నారు, ఇక్కడే చిన్న అంగడి పెట్టుకుని బర్కత్ పొందినవారూ ఉన్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మరో తరం ఇదే పాఠం చదువుకుంది. ఉపాధి కువైట్‌లో లేదు, కలికిరిలో లేదు. అల్లాహ్ దగ్గర ఉంది. కువైట్, కలికిరి ఆయన తెరిచే తలుపులు మాత్రమే. అయితే ఏ తలుపు తట్టాలన్నా ముందు ఒంటెను కట్టాలి. ఏజెంటుకు ప్రభుత్వ అనుమతి ఉందా, వీసా ఏ పనికి, జీతం ఎంత అని కాగితం మీద చూసుకోకుండా 'అల్లాహ్ మాలిక్' అని విమానం ఎక్కడం తవక్కుల్ కాదు.

భర్త గల్ఫ్‌లో ఉండగా పిల్లలను పెట్టుకుని సంసారం ఈదుతున్న సోదరీమణులకు హజ్రత్ హాజిరా (అలై) కంటే గొప్ప ఆదర్శం లేదు. నీరూ నీడా లేని మక్కా లోయలో ఇబ్రాహీం (అలై) ఆమెనూ పసిబిడ్డనూ వదిలి వెళ్తుంటే, ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని అడిగారు. అవునని తెలిశాక, అయితే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడు అన్నారు. తవక్కుల్ అంటే అదీ! కానీ నీళ్లు అయిపోగానే ఆ తల్లి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తారు. నీరు సఫా మీద దొరకలేదు, మర్వా మీదా దొరకలేదు. బిడ్డ ఉన్నచోట జమ్ జమ్ పొంగింది. కష్టపడేది ఒకచోట, ఫలితం వచ్చేది మరోచోట. అయినా ఆ పరుగు అల్లాహ్‌కు ఎంత నచ్చిందంటే, ప్రళయం దాకా వచ్చే హాజీలందరికీ దాన్ని విధిగా చేశాడు.

పాతబడిన ఈమాన్‌కు కొత్తదనం

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి, దెబ్బ తగిలినప్పుడు గుర్తుకురావు అని కొందరంటారు. నిజమే. దానికి కారణాన్ని కూడా దైవప్రవక్త (స) తెలియజేశారు. బట్ట పాతబడినట్లే మనిషి లోపల విశ్వాసం పాతబడుతుందని, దాన్ని కొత్తది చేయమని అల్లాహ్‌ను వేడుకోమని ఉపదేశించారు. హాకిమ్, తబ్రానీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. రోజూ కట్టే బట్టకు ఎండ తగులుతుంది, చెమట పడుతుంది, ముళ్లకు చిరుగుతుంది. మన ఈమాన్ కూడా మార్కెట్‌లో తిరుగుతుంది, అప్పులవారి మాటలు పడుతుంది, పక్కవాడి సంపద చూసి మాసిపోతుంది. మాసిన బట్టను పారేయం, ఉతుక్కుంటాం. ఈమాన్ బలహీనపడిందని తెలిసినప్పుడు సిగ్గుతో మస్జిదుకు దూరం కావడం కాదు, ముందు మస్జిదుకే రావాలి.

మన ప్రాంతంలో వానలు పడనప్పుడు ముస్లింలు ఈద్గాహ్‌కు వెళ్లి నమాజె ఇస్తిస్ఖా చేయడం మనకు తెలిసినదే. ఆ నమాజుకు వెళ్లేముందు పాపాలకు క్షమాపణ వేడుకోమని, ఎవరి హక్కులు వారికి చెల్లించమని, పగలు మరచి కలిసిపొమ్మని, దానధర్మాలు చేయమని ఉలమాలు చెబుతారు. ఆ నమాజు సందర్భంగా దైవప్రవక్త (స) తమ దుప్పటిని తిరగవేసి కప్పుకున్నారని బుఖారీ హదీసులో ఉంది. కరువు స్థితి తిరగబడి వాన స్థితి రావాలన్న ఆశకు అది గుర్తని పండితులు వివరించారు. ఆకాశం మారాలని కోరుకునేవాడు ముందుగా తన ఇంటి లెక్కలు మార్చుకోవాలన్న పాఠం కూడా అందులో మనకు దొరుకుతుంది.

ఈమాన్‌ను కొత్తది చేసుకోవడానికి వేల రూపాయల ఖర్చు లేదు. వేకువనే తోటకో మార్కెట్‌కో పోయేవారు ఎలాగూ లేస్తారు. ఆ లేచేది మరో పావుగంట ముందు లేస్తే ఫజ్ర్ నమాజు దక్కుతుంది. హజ్రత్ నూహ్ (అలై) తన జాతికి ఇస్తిగ్ఫార్ చేయమని చెబుతూ, అల్లాహ్ వాన కురిపిస్తాడని, సంపదనూ సంతానాన్నీ తోటలనూ కాలువలనూ ప్రసాదిస్తాడని ఆశ కల్పించారు. తోటలో కాయ కోస్తూ, బండి తోలుతూ, పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తూ కూడా 'అస్తగ్ఫిరుల్లాహ్' అనవచ్చు. రాత్రి పడుకునేముందు రోజు లెక్క చూసుకోవాలి. డబ్బు లెక్కే కాదు, ఈ రోజు ఎవరి కూలి ఆపాను, ఎవరిని నొప్పించాను అన్న లెక్క. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటి పరిస్థితి ఇదీ అని దాచకుండా చెప్పి, అందరూ కలిసి చేతులెత్తి దుఆ చేయాలి. తండ్రి కష్టంలో ఎవరిని తలుస్తున్నాడో చూసిన పిల్లవాడు రేపు తన కష్టంలో ఆయన్నే తలుస్తాడు.

దైవప్రవక్త (స) తరచుగా చేసిన ఒక దుఆ బుఖారీలో ఉంది. అందులో దిగులు నుంచి, దుఃఖం నుంచి అల్లాహ్ శరణు కోరారు. దానితో పాటే చేతకానితనం నుంచి, సోమరితనం నుంచి, పిసినారితనం నుంచి, పిరికితనం నుంచి, అప్పుల భారం నుంచి కూడా శరణు కోరారు. ఆ వరుసలో దిగులు పక్కనే సోమరితనం ఉంది. దిగులు మనిషిని కూర్చోబెడుతుంది. కూర్చున్నవాడికి అప్పు పెరుగుతుంది. పెరిగిన అప్పు దిగులును ఇంకా పెంచుతుంది. ఈ చక్రాన్ని తెంచేది ఒక వైపు దుఆ, మరో వైపు లేచి చేసే పని. ఈ దుఆను అరబీలో నేర్చుకోండి, పిల్లలకు నేర్పండి. అర్థం తెలుగులో చెప్పుకోండి. మస్జిదులోని ఇమామ్ సాబ్‌ను అడిగితే సంతోషంగా నేర్పుతారు.

సూరా ఖలమ్‌లోని ఆ తోట యజమానుల గాథ తోట మాడిపోవడంతో ముగియలేదు. వారిలో మధ్యస్థంగా ఆలోచించే ఒకడు అల్లాహ్‌ను స్మరించమని మీకు చెప్పలేదా అన్నాడు. మొదట ఒకరినొకరు నిందించుకున్నారు. తర్వాత తప్పు తమదేనని అందరూ ఒప్పుకున్నారు. మన ప్రభువు దీనికంటే మేలైన తోటను మనకు ఇవ్వవచ్చు, మేము ఆయన వైపే మరలుతున్నాం అన్నారు. అంతా పోయిన పొద్దున నోట వచ్చిన ఈ మాటే పునర్జీవనం. తోట మళ్లీ వచ్చిందా లేదా అన్నది ఖుర్‌ఆన్ అక్కడ చెప్పలేదు. మనుషులు తిరిగి వచ్చారన్నది మాత్రం చెప్పింది.

కనుక ఈ జుమా నాడు నమాజు ముగిశాక కాసేపు ఆగి, మన తోట ఏ స్థితిలో ఉందో, మన ఈమాన్ ఏ స్థితిలో ఉందో రెండూ చూసుకుందాం. ధర పెరిగి ఉంటే ఎవరి హక్కు చెల్లించాలో గుర్తుచేసుకుందాం. పడి ఉంటే ఎవరి తలుపు తట్టాలో గుర్తుచేసుకుందాం.

ఓ అల్లాహ్! మా నేలలకు వాననూ, మా పంటలకు బర్కత్‌నూ ప్రసాదించు. నీవు ఇచ్చినప్పుడు కృతజ్ఞతనూ, ఆపినప్పుడు సహనాన్నీ మాకు కలుగజేయి. అప్పుల్లో ఉన్నవారి అప్పులు తీర్చు. పరదేశంలో ఉన్నవారిని క్షేమంగా ఇల్లు చేర్చు. మాలో పాతబడిన ఈమాన్‌ను కొత్తది చేయి. మా భారమంతా నీమీదే మోపే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.